మల్లినాథ సూరి పనితనం

ఎం.ఏ. మొదటి ఏడాది, రఘువంశం మొదటి క్లాసు. మాస్టారు నన్ను లేపి మొదటి శ్లోకానికి అర్థం చెప్పమన్నారు. నర్సీపట్నంలో డిగ్రీ దాకా తెలుగు పద్యాలు గడగడా అప్పజెప్పిన ధైర్యం నాది. మంగళశ్లోకమే కదా అని మొదలుపెట్టాను. ‘పితరౌ’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ‘‘ఇద్దరు తండ్రులు’’ అనేశాను. పితృ శబ్దం, ద్వివచనం. నాకు తెలిసిన వ్యాకరణం అంతవరకే. క్లాసులో ఎవరూ నవ్వలేదు, తక్కినవాళ్లకీ అంతకంటే ఎక్కువ తెలీదు. మాస్టారు కోప్పడలేదు. ‘‘కిందికి చూడు బాబూ. నువ్వు ఇక్కడ ఆగుతావని ఆరువందల ఏళ్ల కిందటే ఒకాయనకి తెలుసు’’ అన్నారు.

కింద చిన్న అక్షరాల్లో ఉన్నది మల్లినాథ సూరి రాసిన సంజీవని. తల్లీ, తండ్రీ ఇద్దరినీ కలిపి పితరౌ అన్నారని అందులో ఉంది. తల్లిని కూడా కలుపుకొని చెప్పేటప్పుడు తండ్రి శబ్దం ఒక్కటే మిగలవచ్చని పాణిని పెట్టిన నియమం చూపించాడు. దాన్ని ఏకశేషం అంటారని చెప్పాడు. ఇంకా అనుమానం ఉంటుందేమోనని, తల్లిదండ్రులకి ఉన్న పేర్లలో ఇదీ ఒకటని అమరకోశం సాక్ష్యం పెట్టాడు. మూడు చిన్న వాక్యాలు, అంతే. నాకు ఆ రోజు సందేహం తీరడమే కాదు, ఒక మనిషి పరిచయమయ్యాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ పరిచయం తెగలేదు.

ఇప్పుడు మా చెల్లెలి కూతురు విశాఖపట్నంలో ఎం.ఏ. సంస్కృతం చదువుతోంది. శనివారం రాత్రి ఆర్టీసీ బస్సు దిగి వస్తుంది. మా ఊరి పేరుతో నర్సీపట్నం రోడ్డు అని రైల్వే స్టేషన్ ఉంది గానీ ఊళ్లోకి రైలు రాదు. అందుకని మా పిల్లల చదువులన్నీ బస్సు మీదే. మొన్న ఆదివారం పుస్తకం నా ముందు పెట్టి, ‘‘మావయ్యా, శ్లోకం రెండు లైన్లు, వ్యాఖ్య పేజీ దాటింది. ఇదంతా చదవాలా?’’ అంది. చదవాలమ్మా అన్నాను. ఎందుకు చదవాలో ఆ పిల్లకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మనిషి సంగతి. ఇంటిపేరు కోలాచలం. మెదక్ జిల్లాలోని కొల్చారమే ఆ కోలాచలమని పరిశోధకుల మాట. 14వ శతాబ్దం చివర, 15వ శతాబ్దం మొదట్లో ఉన్నాడు. పెద్దిభట్టు అని వాడుక పేరు ఉండేదంటారు. రాచకొండ, విజయనగర ఆస్థానాలతో ఆయనకు సంబంధం ఉంది. వైశ్యవంశ సుధార్ణవం అన్న పుస్తకం దేవరాయల కోరిక మీద రాశాడు. కొడుకు కుమారస్వామి కూడా తక్కువవాడు కాడు. ఓరుగల్లు ప్రతాపరుద్రుడి మీద విద్యానాథుడు రాసిన అలంకారశాస్త్రానికి రత్నాపణమనే వ్యాఖ్య ఆయనదే. తెలుగునాట కోలాచలం ఇంటిపేరు ఇంకా వినిపిస్తూనే ఉంది. బళ్లారి నాటకకర్త కోలాచలం శ్రీనివాసరావు పేరు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

రఘువంశం, కుమారసంభవం, కిరాతార్జునీయం, మాఘం, నైషధం. ఈ అయిదింటినీ పంచకావ్యాలంటాం. అయిదింటికీ మల్లినాథుడు వ్యాఖ్య రాశాడు. పైన మేఘసందేశం. ఆ పైన భట్టికావ్యం. అలంకారశాస్త్రంలో విద్యాధరుడి ఏకావళి, తర్కంలో తార్కికరక్ష. మాఘంలోనూ మేఘంలోనూ వయసంతా గడిచిపోయిందని ఆయన అన్నట్టు ఒక చెప్పుకోలు ఉంది. అన్నాడో లేదో గానీ, ఇన్ని పుస్తకాలు పక్కపక్కన పేర్చి చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది.

ఈ వ్యాఖ్యలకు పెట్టిన పేర్లలోనే ఆయన తన పనిని ఎలా అనుకున్నాడో తెలుస్తుంది. కాళిదాసు కావ్యాలు మూడింటికీ సంజీవని. చెడ్డ వ్యాఖ్యానాల విషం ఎక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందనీ, దానికి ప్రాణం పోయడానికి రాస్తున్నాననీ మొదట్లోనే చెప్పుకున్నాడు. భారవి కిరాతానికి ఘంటాపథం. గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాజమార్గం అని ఆ మాటకు అర్థం. భారవి మాట కొబ్బరికాయ లాంటిదనీ, పెంకు పగలగొట్టి రసికుల చేతికిస్తున్నాననీ అన్నాడు. మాఘానికి సర్వంకష. దేన్నీ వదలకుండా ఒరిసేది. నైషధానికి జీవాతువు. అది కూడా ప్రాణౌషధమే. కాళిదాసుకి మందు, భారవికి రోడ్డు, మాఘుడికి ఒరిపిడి. కవిని బట్టి చికిత్స మారింది. మూడు చోట్లా ఒకే పనిముట్టు వాడేవాడికి ఈ పేర్లు తట్టవు.

రఘువంశం మొదట్లో తన చదువు గురించి కూడా చెప్పుకున్నాడు. కణాదుడి శాస్త్రం, వ్యాసుడి శాస్త్రం, పతంజలి, గౌతముడు అన్నీ చూశానంటాడు. అంతా చెప్పి, కాళిదాసు మాటల సారం కాళిదాసుకీ సరస్వతికీ బ్రహ్మకీ తెలుసు గానీ నాబోటివాడికి తెలియదంటాడు. ఆ తరువాత తన పనికి కట్టుబాట్లు పెట్టుకున్నాడు. వివరణంతా అన్వయం వెంటే నడవాలి. మూలం చూపించలేని మాట రాయకూడదు. చదివేవాడికి అవసరం లేని మాట చెప్పకూడదు. వినడానికి తేలిక. వేల శ్లోకాల పొడుగునా నిలబెట్టుకోవడం ఎంత కష్టమో, ఒక్క పద్యానికైనా టీక రాసి చూసినవాళ్లకి తెలుస్తుంది.

ఇక మొదటి శ్లోకం దగ్గరికే వద్దాం. కాళిదాసు చెప్పింది చిన్న మాట. శబ్దమూ అర్థమూ లాగా విడదీయరాకుండా కలిసి ఉన్న పార్వతీ పరమేశ్వరులకు, జగత్తుకు తల్లిదండ్రులైన వాళ్లకు, శబ్దార్థాల జ్ఞానం కోసం నమస్కారం. ఇంతే.

మల్లినాథుడు మొదట పట్టుకున్నది ‘ఇవ’ అనే రెండక్షరాల మాటని. ‘లాగా’ అని అర్థం. అది ముందున్న పదంతో కలిసి ఒకే పదమవుతుందనీ, అయినా లోపలి విభక్తి పోదనీ వార్తికం చూపించి చెప్పాడు. చెప్పి, మిగతాచోట్ల కూడా ఇలాగే చూసుకోండి అన్నాడు. రఘువంశం పందొమ్మిది సర్గల్లో ఉపమ కనబడిన ప్రతిచోటా విద్యార్థికి ఈ ప్రశ్న వస్తుంది. మొదటి గుమ్మంలోనే తాళంచెవి చేతికిచ్చి, ఇక అడగొద్దన్నాడు. వడ్రంగి చేతిలో చెక్క వృథా కానట్టు ఇక్కడ మాట వృథా కాలేదు.

తరువాత ‘కలిసి ఉన్న’ అన్న మాట. కలవడంలో రకాలున్నాయి. పాలూ నీళ్లూ కలుస్తాయి, ప్రయాణంలో ఇద్దరు కలుస్తారు. ఇది అలాంటిది కాదు, ఎప్పుడూ విడిపోని కలయిక అంటాడు. ఎందుకంటే పోలిక తెచ్చింది శబ్దార్థాలతో. శబ్దానికీ అర్థానికీ ఉన్న సంబంధం నిత్యమైనదని మీమాంసకుల మతం. ఆ ముక్క ఒక్కటి చెప్పి వదిలేశాడు. మీమాంస గురించి ఉపన్యాసం మొదలుపెట్టలేదు. అంతటి శాస్త్రం చదువుకున్నవాడికి నోరు కట్టుకోవడం ఎంత కష్టం! కాళిదాసు ఈ పోలికే ఎందుకు తెచ్చాడో తెలియడానికి ఎంత కావాలో అంతే తీశాడు.

తరువాత మన ‘పితరౌ’. పైన చెప్పాను. దాని తోక ఒకటి ఉంది. ఊరికే పార్వతీ పరమేశ్వరులు అనకుండా జగత్తుకు తల్లిదండ్రులని ఎందుకు అన్నాడు? కన్నవాళ్లు గనక అడిగింది ఇవ్వగలరు, కన్నవాళ్లు గనక దయ ఉంటుంది అని సూచన. వ్యాకరణం నుంచి కవి మనసుకి ఇలా అడుగు వేస్తాడు. మధ్యలో మెట్టు కనబడదు.

ఆపైన పార్వతి. పర్వతానికి కూతురు కాబట్టి పార్వతి అని ప్రత్యయాలతో సహా చూపించాడు. ఇది క్లాసులో నిద్ర వచ్చే చోటు, ఒప్పుకుంటాను. కానీ వెంటనే వచ్చే వాక్యం చూడండి. ద్వంద్వ సమాసంలో పార్వతి పేరు ముందు ఎందుకు వచ్చింది? రెండు కారణాలు చెప్పాడు. ఒకటి, తల్లి ఎక్కువ పూజ్యురాలు గనక. రెండు, ఆ మాటలో అక్షరాలు తక్కువ గనక. పార్వతికి మూడు, పరమేశ్వరుడికి అయిదు. అక్షరాలు తక్కువున్న మాట ముందు రావడం వ్యాకరణం పెట్టిన పద్ధతి. అదొక్కటే చెప్పినా శాస్త్రానికి సరిపోయేది. కానీ తల్లి గౌరవాన్ని ముందు చెప్పి, అక్షరాల లెక్క తరువాత చెప్పాడు. పార్వతి పేరు ముందుంచిన కాళిదాసు వరసనే తన కారణాల్లోనూ పాటించాడు. ఈ వాక్యం దగ్గర మా మాస్టారు ఒక నిమిషం ఊరుకున్నారు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.

చివరికి ఛందస్సు. శ్లోకంలో మొదటి మూడక్షరాలూ గురువులే, అంటే మగణం. మగణానికి దేవత భూమి, ఫలం శుభం. మొదటి అక్షరం వకారం అమృతబీజం. మన తెలుగు పిల్లలకి ఈ గణఫలాల లెక్క కొత్తేమీ కాదు. నన్నయ భారతం మొదట్లో ఉన్న సంస్కృత శ్లోకం శార్దూలం, అదీ మగణంతోనే మొదలవుతుంది. అలంకారం దగ్గర మాత్రం, ఉపమ అన్నది స్పష్టంగానే ఉంది కదా అని ఊరుకున్నాడు.

ఇంత చెప్పినవాడు ఏం చెప్పలేదో కూడా చూడాలి. పండితుల నోట ఒక విరుపు చాలాకాలంగా ఉంది. పార్వతీపరమేశ్వర అన్న సమాసాన్ని ‘పార్వతీప’ దగ్గర ఆపి ‘రమేశ్వర’ అని చదివితే, పార్వతి పతి శివుడూ, రమ పతి విష్ణువూ వస్తారు. అప్పుడు ‘పితరౌ’ అంటే ఇద్దరు తండ్రులే! మాస్టారు ఈ సంగతి చెప్పగానే, నేను తప్పు చెప్పలేదన్నమాట అని లోపల పొంగిపోయాను. ‘‘మరి మల్లినాథుడు అది రాయలేదేం?’’ అని అడిగారు. నాకు తెలీలేదు. ‘‘ఆయనకి తట్టక కాదు. శబ్దార్థాల్లా విడిపోకుండా ఉండేది దంపతులు. పోలిక చెడిపోతుందని వదిలేశాడు’’ అన్నారు. మల్లినాథుడు ఎందుకు వదిలేశాడో ఆయన రాయలేదు గనక ఇది మా మాస్టారి ఊహే. కానీ చమత్కారం కంటే కవిత్వాన్ని కాపాడటమే ఆయన పద్ధతని రెండేళ్లు చదివాక నాకూ నమ్మకం కుదిరింది.

మా మేనకోడలికి ముందు నేర్పింది వ్యాఖ్యలోని గుర్తులు. ఇవి తెలిస్తే సంజీవని భయపెట్టదు. ‘ఇత్యర్థః’ అని ఉంటే, పైది మాటకు అర్థం. ‘ఇతి భావః’ అని ఉంటే, మాటలో లేదు గానీ కవి ఉద్దేశం ఇది. ‘ఇత్యమరః’ అంటే అమరకోశం సాక్ష్యం. అమరం చాలకపోతే విశ్వం, యాదవుడు, హలాయుధుడు వస్తారు. ‘ఇతి శేషః’ అంటే, ఈ మాట శ్లోకంలో లేదు, అర్థం పూర్తికావడానికి నేను చేర్చాను అని. నాకు వీటన్నిటిలో ప్రాణం ఈ చివరిది. అతుకు వేసినచోట అతుకని చెప్పేస్తున్నాడు. కవి సొమ్ము ఏదో, తనది ఏదో కలగాపులగం కానివ్వలేదు. ఇవాళ మన పత్రికల్లో, సభల్లో పద్యానికి అర్థం చెప్పేటప్పుడు సగం మాటలు చెప్పేవారివి, సగం కవివి అయిపోతున్నాయి. ‘ఇతి శేషః’ అని ఒక్కసారైనా అనేవాళ్లు కనబడటం లేదు.

శ్లోకం తేలికైతే ‘స్పష్టం’ అని ఒక్క మాటతో దాటిపోతాడు. చెప్పడానికి ఏమీ లేనప్పుడు చెప్పకపోవడం కూడా పాఠం చెప్పడమే.

ఈ చదువు మన వైపు ఎలా సాగిందో కొంచెం చెప్పాలి. విజయనగరంలో 1860లో మహారాజావారి సంస్కృత కళాశాల మొదలయింది. తాతా సుబ్బరాయశాస్త్రి లాంటి వ్యాకరణ దిగ్గజం విజయనగరంలో ఉండేవారు. అప్పటి విద్యార్థుల జీవితమంటే వారాలు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట భోజనం, ఏ అరుగు మీదో పడక. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ‘కథలు – గాథలు’ చదివితే ఆ కాలపు చదువుల ఆకలీ ఆనందమూ రెండూ తెలుస్తాయి. పాఠం వరస కూడా స్థిరంగా ఉండేది. మొదట శబ్దమంజరి, ధాతురూపావళి. రామ శబ్దం నుంచి వల్లె వేయడం. అమరం మూడు కాండలూ నోటికి రావాలి. అప్పుడు గానీ రఘువంశం తెరవనిచ్చేవారు కాదు. తెరిచిన రోజు నుంచీ గురువు ఒక పక్క, మల్లినాథుడు ఒక పక్క.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో పుట్టి, 1930లో వాల్తేరు వచ్చింది. 1931లో తెలుగు శాఖ ఆరంభమైనప్పుడు పింగళి లక్ష్మీకాంతంగారు దానికి అధిపతి. అప్పటిదాకా అరుగుల మీద నడిచిన చదువు బెంచీల మీదికి వచ్చింది. గంట కొడితే పాఠం ఆగేది, పరీక్షకు ప్రశ్నపత్రం వచ్చేది. మారనిది ఒకటే. శ్లోకం చదవడం, పదం విడదీయడం, అన్వయం కట్టడం, విగ్రహవాక్యం చెప్పడం. మా రోజుల్లోనూ అంతే. సముద్రం మీంచి గాలి వీస్తుంటే మధ్యాహ్నం క్లాసులో కళ్లు మూతలు పడేవి. అన్వయం దగ్గర మాస్టారు ఎవర్ని లేపుతారో అన్న భయమే మమ్మల్ని మెలకువగా ఉంచింది. రాత్రి హాస్టల్లో ఒకే పుస్తకం ముగ్గురం పంచుకునేవాళ్లం. ఒకడు శ్లోకం చదివితే, ఒకడు వ్యాఖ్య చదివేవాడు, మూడోవాడు అమరం వెతికేవాడు. ఇప్పుడు మా మేనకోడలి ఫోనులోనే అమరమూ ఉంది, పాణినీ ఉన్నాడు. వెతకడం క్షణం పని. కానీ ఎక్కడ ఆగాలో ఫోను చెప్పదు, మల్లినాథుడు చెబుతాడు.

ఆ పిల్ల సంస్కృతంలోకి వచ్చిన దారి ఇవాళ్టి చాలామంది దారే. ఇంటర్లో మార్కులు బాగా పడతాయని రెండో భాషగా సంస్కృతం తీసుకుంది. పాఠం తక్కువ, బట్టీ ఎక్కువ. రెండేళ్లూ మార్కులొచ్చాయి, భాష రాలేదు. డిగ్రీలో ఎవరో మేఘసందేశం చెబుతుంటే విని, ఇది వేరే సంగతి అని తెలుసుకుందట. మన వైపు వేల మంది ఆ మార్కుల గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతున్నారు. లోపలికి తీసుకెళ్లేవాళ్లు కావాలి.

ఇంకొక చోటు దగ్గరగా చూపిస్తాను. కిరాతార్జునీయం పదిహేనో సర్గ. అర్జునుడి బాణాలకు తట్టుకోలేక ప్రమథగణాలు పారిపోతుంటే కుమారస్వామి వాళ్లను ఆపి మాట్లాడతాడు. అక్కడ భారవి ఒక శ్లోకం మొత్తం నకారంతో కట్టాడు. చివర ఒక్క పొల్లు తకారం తప్ప వేరే హల్లు లేదు. మొదటిసారి చదివితే అది భాషలా ఉండదు, చెవిలో తుమ్మెద తిరిగినట్టుంటుంది. విద్యార్థి చెయ్యి అడ్డం పెట్టుకునే చోటు ఇది.

మల్లినాథుడు ఏమీ కంగారు పడడు. ‘నా’ అంటే నృ శబ్దానికి ప్రథమ, పురుషుడు అని మొదట చెప్పేస్తాడు. కావాల్సిన మేకు అదే. దాని మీద మిగతాదంతా వేలాడుతుంది. ‘ఇన’ అంటే ఏలిక. ‘నున్న’ అంటే దెబ్బతిన్నవాడు. ‘ఊన’ అంటే తక్కువవాడు. పలకరింపు ఏదో విడిగా తీస్తాడు. రకరకాల ముఖాలున్న గణాలారా అని కుమారస్వామి పిలుస్తున్నాడని తెలిసేసరికి, నకారాల గుట్టలోంచి ఒక సేనాపతి గొంతు వినబడటం మొదలవుతుంది. హీనుడి చేతిలో ఓడినవాడిలో మగతనం లేదని, హీనుణ్ని కొట్టినవాడిలోనూ లేదని అంటున్నాడు. ఏలిక చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం భటుడికి తగిలిన దెబ్బ దెబ్బే కాదంటున్నాడు. పడిపోయినవాణ్ని మళ్లీ కొట్టడం పాపమంటున్నాడు. పారిపోయే సైన్యంతో అనవలసిన మాటలే ఇవి! గారడీ అనుకున్న శ్లోకంలో యుద్ధధర్మం ఉంది. అదే కొబ్బరికాయ పగలగొట్టడమంటే. పెంకు తీసి చూపించాడు, లోపలి తీపి మాత్రం భారవిదే.

మల్లినాథుడి చదువు ఎంత విస్తారమో చూడాలంటే రఘువంశంలో రాజనీతి వచ్చే చోట్లు చూడాలి. కామందకుడూ కౌటిల్యుడూ వస్తారు. కౌటిల్యుడి అర్థశాస్త్రం ప్రతి ఒకటి 1905లో మైసూరు ఓరియంటల్ లైబ్రరీకి చేరి, ఆర్. శామశాస్త్రి 1909లో అచ్చు వేసేదాకా, ఆధునిక పండితులకు ఆ పుస్తకం కళ్లబడలేదు. అంతకుముందు దాని వాక్యాలు తెలిసింది ఇలాంటి వ్యాఖ్యల్లో మిగిలిన ముక్కల వల్లనే. కోల్పోయామనుకున్న పుస్తకంలోని మాటల్ని మెదక్ పల్లెటూరి పండితుడు తన కావ్యవ్యాఖ్యలో దాచిపెట్టాడు. అదీ ప్రదర్శన కోసం కాదు, దిలీపుడో రఘువో అతిథో చేసిన పని ఎందుకు సరైందో విద్యార్థికి తెలియడానికి.

ఆయన చెప్పిందంతా వేదమని నేననను. మేఘసందేశంలో దిఙ్నాగాల, అంటే దిక్కుల ఏనుగుల ప్రస్తావన వచ్చేచోట, కాళిదాసు తన మిత్రుడు నిచుళుణ్నీ, ప్రత్యర్థి దిఙ్నాగాచార్యుణ్నీ శ్లేషలో ఉద్దేశించాడని ఒక అర్థం చెప్పాడు. కాళిదాసు కాలం తేల్చడానికి ఆధునికులు ఆ వాక్యాన్ని పట్టుకుని ఎంతో వాదించుకున్నారు. మల్లినాథుడికంటే నాలుగైదు వందల ఏళ్లు ముందటి కాశ్మీర పండితుడు వల్లభదేవుడి వ్యాఖ్యలో ఈ కథ లేదు. నాకూ ఆ శ్లేష అక్కడ అతికినట్టు తోచదు. శ్లోకాల లెక్కలోనూ తేడా ఉంది. వల్లభదేవుడి పాఠంలో మేఘసందేశానికి 111 శ్లోకాలుంటే, మల్లినాథుడి వ్యాఖ్యతో అచ్చయిన పుస్తకాల్లో అంతకు మించి ఉన్నాయి. మూలం లేనిది రాయనన్నవాడు నిచుళుడి కథకి ఏ మూలం చూశాడో. మూలం అడగడం నేర్పింది ఆయనే గనక, ఈ ప్రశ్న ఆయన్నే అడగడం ఆయనకి ఇచ్చే మర్యాద.

మల్లినాథుడి పని ఎంత దూరం వెళ్లిందంటే, బొంబాయిలో శంకర పాండురంగ పండిత్ 19వ శతాబ్దంలో రఘువంశం పరిష్కరించినా సంజీవనితోనే అచ్చు వేశారు. ఎం.ఆర్. కాలే దేశమంతటి కాలేజీ పిల్లల కోసం తెచ్చిన పుస్తకాల్లోనూ కాళిదాసు పక్కన మల్లినాథుడే. కాశీలో చదివినా, కలకత్తాలో చదివినా, జర్మనీలో చదివినా కాళిదాసు దగ్గరికి వెళ్లే దారి మన కొల్చారం మీదుగానే పోతుంది. తెలుగులో వేదము వేంకటరాయశాస్త్రిగారు శ్రీనాథుడి శృంగారనైషధానికి రాసిన వ్యాఖ్యకు సర్వంకష అని పేరు పెట్టారు. ఆ పేరు ఎవరి దగ్గర తీసుకున్నారో చదువుకున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. శ్రీనాథుడూ మల్లినాథుడూ దాదాపు ఒకే కాలంవాళ్లు. ఒకే నైషధాన్ని ఒకరు తెలుగు పద్యం చేశారు, ఇంకొకరు సంస్కృతంలోనే విప్పి చెప్పారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఒక ఏడాది పాఠం చెబితే ఎంత బావుంటుందో! తెలుగు శాఖా సంస్కృత శాఖా కలిసి కూర్చుంటే తప్ప అది జరగదు.

మన బడిలో తెలుగు వాచకం వెనక కనబడే ప్రతిపదార్థం, తాత్పర్యం కూడా ఈ వంశంలోవే. పదోతరగతి పిల్లవాడు ‘ప్రతిపదార్థం రాయండి’ అన్న ప్రశ్నకు గీత గీసి మాటా అర్థమూ ఎదురెదురుగా రాస్తున్నాడంటే, అన్వయం పట్టుకుని నడవమన్న పద్ధతినే నడుస్తున్నాడు. వాడికి ఆ సంగతి చెప్పేవాళ్లు ఉండాలి.

ఆదివారం సాయంత్రానికి మేనకోడలు మొదటి శ్లోకం వ్యాఖ్య పూర్తిచేసింది. ‘పితరౌ’ దగ్గర తనే ఆగింది. వ్యాఖ్య చూసి, ‘‘మావయ్యా, అమ్మని ముందు పెట్టాడు’’ అంది. ఆ మాట నేను చెప్పలేదు, మల్లినాథుడే చెప్పాడు.

సంస్కృతం రాదని వెనకాడకండి. మద్రాసు వావిళ్లవారు తెలుగు లిపిలో అచ్చువేసిన కావ్యాలు పాత గ్రంథాలయాల్లో ఇంకా ఉన్నాయి. సంజీవనితో ఉన్న రఘువంశం ఒకటి, అమరకోశం ఒకటి తెచ్చుకోండి. తెలిసినవాళ్లని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. మొదటి శ్లోకం ఒక్కటి చాలు, ఒక సాయంత్రం పడుతుంది.